అనధికార మెరుగుదల

పెన్నోబులయ్య కుడిచేతి బొటనవేలు కదిలిన మూడో రోజున సూదివైద్య సమగ్ర పరిశోధనా సంస్థలో అత్యవసర సమావేశం పెట్టారు. వేలు కదలడం ఆ సంస్థకు వింతేమీ కాదు. పక్షవాతం వచ్చినవాళ్ల వేళ్లు కదిలించడానికే కదా ప్రభుత్వం అంత పెద్ద భవనం కట్టించింది. సమావేశం పెట్టింది, కదలకూడని వేలు కదిలినందుకు.

ఓబులయ్య రిజిస్ట్రారాఫీసు వరండాలో దస్తావేజు లేఖరి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు రైటరు సామి అంటారు. ఇరవై ఎనిమిదేళ్లుగా అదే స్తంభం పక్కన అదే చాప. కంప్యూటర్లు వచ్చాక మిగతా లేఖర్లంతా టైపు కొట్టేవాళ్ల చుట్టూ తిరుగుతున్నా, వీలునామా రాయించుకునే ముసలివాళ్లు మాత్రం ఓబులయ్య దగ్గరికే వచ్చేవాళ్లు. చచ్చిన తర్వాత పిల్లలు చదివే కాగితం మనిషి చేత్తో రాసింది అయితేనే బాగుంటుందని వాళ్ల నమ్మకం. ఓబులయ్య దస్తూరి కూడా అలాంటిదే మరి, కళ్లకద్దుకోవాలనిపించేది.

కార్తీకమాసంలో ఒక పొద్దున, ఎవరిదో వీలునామా సగంలో ఉండగా కలం జారి చాప మీద పడింది. తీసుకోబోతే చేయి రాలేదు. జిల్లా ఆస్పత్రిలో ప్రాణం నిలబెట్టారు. నెలరోజులకు మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది, చేయి మాత్రం రాలేదు. భార్య నాగరత్న అన్నం కలిపి నోట్లో పెడుతుంటే, అరవై ఏళ్ల మనిషి తల వంచుకుని తినేవాడు.

దానికి తోడు లైసెన్సు. మే నెలాఖరుకు తిరగరాయించుకోవాలి. చేతికి జబ్బు చేసిన లేఖరి, ఆ చేతికి వైద్యం చేసిన సంస్థ నుంచే చేయి బాగైనట్టు ధ్రువపత్రం తేవాలని నిబంధన. తేకపోతే వరండాలో చోటు వరుసలో ఉన్న వేరేవాళ్లకు పోతుంది. ఆ చోటు పోతే ఓబులయ్య రైటరు సామి కాడు, చెయ్యి పడిపోయిన ఒక ముసలాయన. అందుకే జనవరిలో, ఊరివాళ్లు సూదుల ఆస్పత్రి అనే ఈ సంస్థలో పరిశోధనకు రోగులు కావాలని చాటింపు వేస్తే, అందరికంటే ముందు వెళ్లి పేరిచ్చాడు.

పరిశోధన పద్ధతి ఇది. రోగులను రెండు గుంపులు చేస్తారు. ఒకటో గదివాళ్లకు నిజం సూదులు. రెండో గదివాళ్లకు ఉత్తుత్తి సూదులు, అంటే మొన లేనివి. ఒంటికి ఆనించి నొక్కితే నాటకాల్లో కత్తిలాగా పిడిలోకే వెళ్లిపోతాయి. ఎవరికి ఏది పడుతోందో రోగికి తెలియకూడదు, వేళ్లు కొలిచేవాళ్లకూ తెలియకూడదు. ఈ రహస్యాన్ని సంస్థ ప్రాణంలా కాపాడింది. కాకపోతే నిజం సూదులు ఖరీదైనవి కనుక ఒకటో గదికి ఏసీ పెట్టించారు, రెండో గదికి ఫ్యాను. బస్టాండులో ఆటోవాళ్లు సూదుల ఆస్పత్రికి వెళ్లే రోగిని "ఏసీనా, ఫ్యానా?" అని అడిగి, ఫ్యాను అంటే జాలిపడి మెట్ల దాకా తీసుకెళ్లి దింపేవాళ్లు. ఓబులయ్యది ఫ్యాను.

"ఎవరినీ మోసం చెయ్యడానికి కాదు అన్నా ఇది" అని సూదులు వేసే డాక్టర్ మెహరున్నీసా మొదట్లోనే అందరికీ విడమరచి చెప్పింది. "సూది నిజంగా పనిచేస్తుందా లేదా అని తెలియాలంటే పోల్చుకోవడానికి రెండు గుంపులు కావాల. పనిచేస్తే చేస్తుందని చెప్తాం, లేకుంటే లేదని చెప్తాం."

ఆమె వయసు తక్కువ, అందుకే అలా అనుకునేది. డైరెక్టర్ డాక్టర్ నిరంజనమూర్తికి ఆ సందేహం లేదు. "ఒకటో గది బాగుపడుతుంది, రెండో గది బాగుపడదు. ఇది మనకు ముందే తెలిసిన సత్యం. దాన్ని కనుక్కోవడమే మన పరిశోధన" అని ప్రారంభోత్సవంలోనే సెలవిచ్చాడు. ఫలితాల పట్టిక కూడా ఆ రోజే అచ్చయింది. అంకెలు నింపడం ఒక్కటే తక్కువ.

చిక్కంతా కాలం దగ్గర వచ్చింది. నిజం సూదులు పెట్టాక ఒకటో గదివాళ్లు రెండు గంటలు కదలకుండా పడుకోవాలి. ఉత్తుత్తి సూదుల పని పది నిమిషాల్లో అయిపోతుంది. రెండు గదులకూ సమన్యాయం జరగాలి కనుక రెండో గదివాళ్లు మిగిలిన గంటా యాభై నిమిషాలు ఊరికే కూర్చోవాలని నిబంధన రాశారు. ఊరికే ఎలా కూర్చోవాలో మాత్రం రాయలేదు.

ఆ ఊరు చింతపండు మార్కెట్టుకు పెట్టింది పేరు. మాఘమాసం వచ్చిందంటే ఇంటింటా చింతకాయలే. మండీవాళ్లు బస్తా ఇస్తే ఆడవాళ్లు పెంకు ఒలిచి, ఈనె లాగి, గింజ తీసి, మళ్లీ అప్పజెపుతారు. రెండో గది ఆయా సాకమ్మ కూడా ఇంటికి వచ్చిన బస్తాలోంచి రోజూ ఒక సంచెడు కాయలు పట్టుకొచ్చి, రోగులు గోడలు చూస్తున్నంతసేపూ ఒక మూల కూర్చుని ఒలుచుకునేది.

"ఊరికే కూసోని గోడలు సూస్తే ఏమొస్తుంది సామీ, ఈ నాలుగు కాయలు ఒలుసుకుందాం రా" అంది ఒకరోజు.

"నాకు చెయ్యి లేదు కదమ్మా" అన్నాడు ఓబులయ్య.

"యాడికి పోయింది? బుజానికే యేలాడతా ఉంది కదా."

ఓబులయ్య ఎడమచేత్తో కాయ అందుకోబోయాడు. సాకమ్మ ఆ చేతి మీద చిన్నగా ఒకటి వేసింది. "దానికి ఇంట్లో శానా పనుంది. ఈ సోమరిదాంతో తియ్యి."

మొదటిరోజు గంటా యాభై నిమిషాలకు ఒక్క కాయ కూడా అవలేదు. చెమటలు పట్టాయి. కాయ కిందపడితే సాకమ్మ తీసి మళ్లీ అదే చేతిలో పెట్టేది, తిట్టేది, మళ్లీ పెట్టేది. తిట్టడంలో ఆమెకు పెద్దా చిన్నా లేదు. రిటైరైన బస్సు డ్రైవరు మునిరత్నాన్నీ, బొరుగుల కొట్టు రహంతుల్లానూ కూడా అలాగే ముగ్గులోకి దింపింది. అందరికీ పనికిరాని చేతికే పని. వారం తిరిగేసరికి ఓబులయ్య పెంకు పగలగొట్టాడు. మూడు వారాలకు ఈనె లాగాడు. ఈనె లాగాలంటే బొటనవేలూ చూపుడువేలూ కలవాలి. కలిశాయి. అవి కలిసిన సంగతి వేళ్లు కొలిచే గుమాస్తా రిజిస్టరులో రాయడంతో గొడవ మొదలైంది.

సమావేశంలో డైరెక్టరు చాలా మర్యాదగా మాట్లాడాడు.

"పెన్నోబులయ్య గారూ, మీ మీద సంస్థకు వ్యక్తిగతంగా ఎలాంటి ద్వేషమూ లేదు."

"సంతోషం సార్."

"అయితే మీ బొటనవేలి విషయంలో సంస్థ తీవ్ర ఆందోళన వ్యక్తం చేస్తోంది. మీరు రెండో గది. రెండో గదికి మెరుగుదల మంజూరు కాలేదు."

"నేనేం కదలమని చెప్పలేదు సార్. దానంతట అదే కదిలింది."

"అదే మరి అనధికార మెరుగుదల అంటే."

ఓబులయ్య వచ్చిన పని మర్చిపోలేదు. "ఎట్లాగూ కదిలింది కాబట్టి సార్, ఇంకో రెండు నెలలకు పూర్తిగా వచ్చేస్తుంది. అప్పుడు ఒక సర్టిఫికెట్టు ఇప్పిస్తే లైసెన్సు తిరగరాయించుకుంటా."

డైరెక్టరు బాధగా తల ఆడించాడు. "రెండో గదివాళ్లు బాగుపడినట్టు ధ్రువపత్రం నమూనాయే లేదండీ. ఒకటో గదికి మాత్రమే అచ్చువేయించాం. లేని నమూనాలో మిమ్మల్ని ఎలా బాగు చేయమంటారు?"

మర్నాడు మెమో వచ్చింది. తాము ఎవరి అనుమతితో, ఏ నిబంధన కింద, ఏ మేరకు మెరుగుపడినారో ఏడు దినముల లోపల లిఖితపూర్వకముగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను, లేని పక్షమున తగు చర్య తీసుకొనబడును అని దాని సారాంశం. ఓబులయ్యకు కోపం రాలేదు. ఇరవై ఎనిమిదేళ్లు కాగితాలతో కాపురం చేసినవాడు, ఆ వాక్యం కట్టుబాటు చూసి లోలోపల మెచ్చుకున్నాడు కూడా.

ఏడో రోజు దాకా ఆగి, సాకమ్మ దగ్గర సాధన చేసిన చేత్తోనే, కలం పట్టుకుని జవాబు రాశాడు. అక్షరాలు తాగినవాడి నడకలా అటూ ఇటూ తూలాయి. నాలుగు పంక్తులకు గంటన్నర పట్టింది. కింద "ఇట్లు, పెన్నోబులయ్య, స్వదస్తూరి" అని రాస్తుంటే ఆయనకు కళ్లనీళ్లు ఆగలేదు. నాగరత్న ఆ కాగితం తీసుకుని, అర్థం కాకపోయినా, మూడుసార్లు చదివింది.

సంస్థ నుంచి తిరుగుటపాలో జవాబు వచ్చింది. తాము పంపిన సంజాయిషీ కుడిచేత్తో రాసినదిగా నిర్ధారణ అయినది. సంస్థ రికార్డుల ప్రకారం తమ కుడిచేయి పనిచేయదు. కావున దానిని రాసినది తాము కాదు. ఇతరులచేత రాయించి స్వదస్తూరి అని పేర్కొనుట నేరము. ఈసారికి క్షమించి, ఎడమ బొటనవేలి ముద్రతో తిరిగి సమర్పించుటకు అవకాశమివ్వడమైనది.

ఓబులయ్య వేలిముద్ర వేసి ఇచ్చాడు. ఎన్ని వేలమందిచేత వేయించిన చెయ్యో అది.

ఇక్కడితో అయిపోతే డైరెక్టరు డైరెక్టరు ఎందుకవుతాడు? ఆ సంస్థకు పై అంతస్తు ఒకటుంది. "మందులకు లొంగని క్యాన్సరును సూదితో లొంగదీయు విభాగము" అని గుమ్మం మీద బోర్డు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మూడేళ్లుగా లోపల ఒక సోఫా తప్ప ఏమీ లేదు. డైరెక్టరు ఏదో పెద్ద సదస్సుకు వెళ్లి, కొన్ని రకాల క్యాన్సర్లు మొదట మందుకు లొంగి, తర్వాత దాని ఎత్తులు కనిపెట్టి లొంగడం మానేస్తాయని విని వచ్చాడు. ఆ సంగతి మనసులో నానుతూనే ఉంది. ఓబులయ్య వేలిముద్ర చూస్తుండగా తటాలున తట్టింది.

"ఇది నిరోధకత!" అన్నాడు, సిబ్బందినందరినీ పిలిపించి. "రెండో గదిలో మనం ఇస్తున్నదేమిటి? వైద్యం లేకపోవడం. అందరూ దానికి లొంగి బాగుపడకుండా ఉండాలి. ఈ రోగి మాత్రం దానికి అలవాటుపడి ఎదురు తిరిగాడు. మందుకు లొంగని కణం ఎలాంటిదో, మందు లేకపోవడానికి లొంగని మనిషీ అలాంటివాడే. ప్రపంచంలో ఇంతవరకు ఎవరూ దీన్ని గుర్తించలేదు."

"దాన్ని బాగుపడటం అంటారు సార్" అంది మెహరున్నీసా.

"పరిశోధనలో భావోద్వేగాలకు తావు లేదమ్మా."

మర్నాడే పై అంతస్తు తెరిచారు. బోర్డు మీద క్యాన్సరు అన్న చోట కాగితం అంటించి, "చికిత్సాలేమికి లొంగని రోగులను లొంగదీయు విభాగము" అని రాశారు. మొదటి రోగి ఓబులయ్య. నిరోధకత వచ్చినప్పుడు మోతాదు పెంచాలి కనుక, ఉత్తుత్తి సూదులు పన్నెండు నుంచి ఇరవైనాలుగు చేశారు. వారానికి ఆయన చొక్కా బొత్తాలు తానే పెట్టుకున్నాడు. నలభై ఎనిమిది చేశారు. అన్నం తానే కలుపుకున్నాడు. ఆ ముద్ద నోట్లో పెట్టుకుని నాగరత్న వైపు చూసి నవ్వాడు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది.

నలభై ఎనిమిది పొడుపులయ్యాక ఆయన మెట్లు దిగి రెండో గదికే వచ్చి కూర్చునేవాడు, సమన్యాయం పై అంతస్తుకూ వర్తిస్తుంది కనుక. కింద మునిరత్నం చిటికె వేశాడు. రహంతుల్లా బొరుగులు పొట్లం కట్టి అందరికీ పంచాడు. నెల తిరక్కుండా రెండో గదిలో తొమ్మిదిమందికి చేతులు లేచాయి. ఏసీ గదిలో కదలకుండా పడుకున్నవాళ్లలో ఇద్దరికో ముగ్గురికో కొంచెం నయంగా ఉంది. డైరెక్టరు దీన్ని అంటువ్యాధిగా ప్రకటించాడు. రెండో గది గుమ్మానికి ఎర్ర తాడు కట్టించి, సిబ్బంది ముక్కుకు గుడ్డ కట్టుకుని లోపలికి వెళ్లాలని ఉత్తర్వు వేశాడు. సాకమ్మ మొదటిరోజు గుడ్డ కట్టుకుంది. తిట్లు సరిగ్గా వినబడడం లేదని రెండో రోజు విప్పేసింది.

రాజధాని నుంచి తనిఖీ బృందం వస్తున్నట్టు కబురు రావడంతో ఈ అంటువ్యాధి మూలమేమిటని విచారణ మొదలైంది. వేళ్లు కొలిచే రిజిస్టరులో పేజీలు ఒకదానికొకటి అంటుకుని ఉండటం విచారణాధికారి గమనించాడు. నాలుక ఆనించి చూశాడు. పులుపు.

"ఎవరి అనుమతితో పరిశోధన ఆవరణలోకి చింతకాయలు తెచ్చావు?" అని డైరెక్టరు సాకమ్మను నిలబెట్టి అడిగాడు.

"కాయకు అనుమతి యాల సార్? సెట్టుకు కాస్తుంది."

"రోగులచేత ఎందుకు ఒలిపించావు?"

"ఒలవకుంటే సేతులెట్ల వస్తాయి సార్? మా యమ్మకు ఇట్లే పడిపోతే ఇట్లే తెప్పిచ్చినా. మా యమ్మ కాయ ఒలుస్తా ఒలుస్తా ఇంకా పన్నెండేండ్లు బతికింది."

మెహరున్నీసా ముందుకు వచ్చింది. "సార్, ఇదే సార్! పనికిరాని చేతికి రోజూ పని చెబుతోంది సాకమ్మ. సూది సంగతి తర్వాత చూసుకుందాం. తొమ్మిదిమందికి చేతులొచ్చాయి. ముందు దీన్ని పరిశోధిద్దాం సార్."

డైరెక్టరు రిజిస్టరు మూసేశాడు. "చింతపండు ఈ సంస్థ పరిధిలోది కాదమ్మా. మార్కెటింగు శాఖది. ఇతర శాఖల అధికారాల్లో మనం తలదూర్చకూడదు" అన్నాడు. సాకమ్మను ఆ సాయంత్రమే పనిలోంచి తీసేశారు. పోతూ పోతూ ఆమె సంచి దులిపి, చీపురు మూలన పెట్టి, "సేతులు ఆపొద్దండి, గమ్మున ఉంటే మళ్లా పోతాయి" అని చెప్పి వెళ్లింది.

తర్వాత కొత్త ఉత్తర్వు వచ్చింది. రెండో గది రోగులు బయటి పనుల వల్ల కలుషితం కాకుండా, తనిఖీ పూర్తయ్యేదాకా, అంటే ముప్పైఅయిదు రోజులు, వాళ్ల జబ్బు చేతికి మోచేతి నుంచి వేళ్ల కొస దాకా చెక్కలు పెట్టి కట్టు కడతారు. ఇష్టమున్నవాళ్లే ఒప్పుకోవచ్చు. ఒప్పుకున్నవాళ్లను తనిఖీ అయిపోగానే ఒకటో గదికి మార్చి, పది రోజులు నిజం సూదులు వేసి, బాగైనట్టు అచ్చయిన ధ్రువపత్రం చేతికిస్తారు. ఒప్పుకోనివాళ్ల పేర్లు కొట్టేస్తారు. పేరు కొట్టేస్తే వాళ్లు అసలు వైద్యమే పొందనట్టు లెక్క.

మునిరత్నం ఉత్తర్వు చదివి, చిటికె వేసి, ఇంటికి పోయాడు. రహంతుల్లా కొట్టుకు పోయాడు. చేతులొచ్చిన మిగతావాళ్లూ పోయారు. వాళ్లకు కాగితంతో పనిలేదు. ఓబులయ్య ఒక్కడే ఉత్తర్వు పట్టుకుని ఆస్పత్రి వరండాలో కూర్చున్నాడు.

మెహరున్నీసా వచ్చి పక్కన కూర్చుంది. "ఒప్పుకోవద్దన్నా. చెయ్యి వచ్చేసింది. తీసుకుని ఇంటికి పో."

"మీరు సర్టిఫికెట్టు రాసిస్తారా మేడం?"

"నా సంతకం చెల్లదు అన్నా. డైరెక్టరు సీలు ఉండాల."

"అదే కదా మేడం. చెయ్యి ఉండి కాగితం లేకపోతే నేనేం చేసుకునేది?" అన్నాడు ఓబులయ్య. "నలభైయేండ్లు దున్నిన వాణ్ణి చూసినా, పట్టా లేక ఒక్క దినంలో చేను పోగొట్టుకున్నాడు. ఆ చేను మొగమే ఎరగనోడు కాగితం చూపిచ్చి ఎత్తుకుపోయినాడు. ఆ కాగితం రాసింది నేనే. ఉన్న దాన్ని ఉందని ఎవురూ నమ్మరు మేడం, రాసి ఉంటేనే నమ్ముతారు."

ఆయన అన్నది అబద్ధం కాదు. ఆమె లేచి లోపలికి వెళ్లింది. ఇంట్లో నాగరత్న మాత్రం ఊరుకోలేదు. "కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంట. మనకు ఈ కాగితమొద్దు, ఆ చాపా వద్దు" అని మొత్తుకుంది. ఓబులయ్య వినలేదు. లైసెన్సు గడువు ఇంకా యాభై రోజులుంది. ముప్పైఅయిదు రోజులు కట్టు, పది రోజులు సూదులు, అయిదు రోజులు మిగులుతాయి. అన్నీ కాగితం మీద సరిపోయాయి. ఒప్పుకుంటున్నట్టు వేలిముద్ర వేశాడు.

కట్టు బిగుతుగా కట్టారు. మొదటి వారం వేళ్లు లోపల దురదపెట్టి కాయ కోసం వెతుక్కునేవి. రెండో వారం నొప్పి. ఎండాకాలం, కట్టు లోపల చెమట. మూడో వారం నుంచి నొప్పి కూడా తగ్గింది. ఆయన దాన్ని మంచి గుర్తే అనుకున్నాడు. నాగరత్న మళ్లీ అన్నం కలిపి పెట్టసాగింది. ఈసారి తల వంచుకున్నది ఆమె.

తనిఖీ బృందం వచ్చింది. డైరెక్టరు ఓబులయ్యను కుర్చీలో కూర్చోబెట్టి కట్టు విప్పించాడు. చేయి బల్ల మీద ఎండిన కొమ్మలా పడుంది. వేళ్లు లోపలికి ముడుచుకున్నాయి. "కదిలించండి" అన్నారు బృందంలోని పెద్దాయన. ఓబులయ్య పళ్లు బిగబట్టి ప్రయత్నించాడు. ఏమీ కదలలేదు.

"అద్భుతం!" అన్నారు పెద్దాయన.

"లొంగింది సార్. పూర్తిగా లొంగింది" అన్నాడు డైరెక్టరు, చేతులు జోడించి. "వైద్యం లేకపోవడానికి ఇంతగా ఎదురు తిరిగిన రోగి ఈ భూమ్మీద ఇంకొకడు లేడు. నలభై ఎనిమిదికీ లొంగలేదు. ముప్పైఅయిదు రోజుల్లో తెచ్చాం దారికి."

ఫలితాల పట్టికలో అంకెలు నిండాయి. ముందు అచ్చువేయించిన గళ్లలో ఒక్కటి కూడా మార్చాల్సిన అవసరం రాలేదు. పేర్లు కొట్టేసినవాళ్లు పోగా రెండో గదిలో బాగుపడినవాళ్లు సున్నా. సంస్థకు ఇంకో అంతస్తు మంజూరైంది.

మాట తప్పారని మాత్రం అనడానికి వీల్లేదు. ఓబులయ్యను ఏసీ గదికి మార్చి పది రోజులు నిజం సూదులు వేశారు. మెహరున్నీసా ఒక్కొక్క సూదీ భయభక్తులతో పెట్టింది. "కొంచెం పనిచేస్తుందేమో అన్నా, చేయదేమో, నాకు నిజంగా తెలియదు. తెలుసుకోవాలనే ఇక్కడికి వచ్చినా. కానీ ఇంతకాలం కట్టేసిన చేతికి ఈ పది రోజుల్లో ఏం చేయాలో ఏ సూదికీ తెలియదు" అంది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆ నెలాఖరుకు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చింది.

పదో రోజున ధ్రువపత్రం ఇచ్చారు. మందంపాటి కాగితం, బంగారు రంగు అంచు, డైరెక్టరు సీలు. "శ్రీ పెన్నోబులయ్య గారి కుడిచేయి సంపూర్ణ స్వస్థత పొంది, రాత మొదలగు సమస్త సూక్ష్మ కార్యములకు తగియున్నదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." అందుకున్నట్టు రిజిస్టరులో సంతకం పెట్టమన్నారు. ఓబులయ్య ఎడమచేతి బొటనవేలు చాపాడు. గుమాస్తా దానికి సిరా అద్దాడు.

రిజిస్ట్రారాఫీసులో సబ్ రిజిస్ట్రారు ధ్రువపత్రాన్ని వెలుతురుకు పట్టి చూసి, సీలు సరిచూసి, చాలా సంతోషించాడు. "ఇంత కచ్చితమైన కాగితం ఈమధ్య చూడలేదండీ" అని, అయిదేళ్లకు లైసెన్సు తిరగరాశాడు. ఓబులయ్య స్తంభం పక్కన చాప పరుచుకుని కూర్చున్నాడు. లైసెన్సును ఎదురుగా గోడకు ఆనించి పెట్టుకున్నాడు.

మూడో రోజు ఒక ముసలమ్మ ఊరి నుంచి బస్సు దిగి వెతుక్కుంటూ వచ్చింది. "వీలునామా రాయాల రైటరు సామీ. నీ చేత్తోనే రాయాల. నువ్వు బాగైనావని చెప్తే వచ్చినా" అంది. ఓబులయ్య కలం తీసి కుడిచేతి వేళ్ల మధ్య ఇరికించుకోబోయాడు. ఇరుక్కోలేదు. ఎడమచేత్తో వేళ్లు విప్పి పెట్టుకున్నాడు. కలం జారిపోయింది. ముసలమ్మ అది చూసి, తనకు రాయడం ఆయనకు ఇష్టం లేదనుకుని, అవమానపడి, లోపలికి వెళ్లి పై అధికారికి చెప్పుకుంది.

సాయంత్రానికి మెమో వచ్చింది. చేయి సంపూర్ణ స్వస్థతతో ఉండియు దస్తావేజు రాయుటకు నిరాకరించినందులకు తమ లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో ఏడు దినముల లోపల స్వదస్తూరితో సంజాయిషీ ఇచ్చుకొనవలెను.

ఓబులయ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, లేచి, చాప చుట్టి, మార్కెట్టు వైపు నడిచాడు. చింతపండు మండీ వెనక రేకుల షెడ్డులో పాతికమంది ఆడవాళ్లు కాయల రాశి చుట్టూ కూర్చున్నారు. సాకమ్మ ఆయన నడక చూసి, చేయి చూసి, ముందున్న కాయలు పక్కకు నెట్టింది. జరిగి పక్కన చోటిచ్చింది.

"ఏడు దినాల్లో రాసియ్యాలంట సాకమ్మా" అన్నాడు.

"ఏడు దినాల్లో కాదు సామీ. ఈసారి శానా దినాలు పడుతుంది. వస్తుందో రాదో కూడా సెప్పలేను" అని, ఆమె ముడుచుకున్న వేళ్లను ఒక్కొక్కటే విప్పి, అరచేతిలో ఒక కాయ పెట్టి మూసింది.

కాయ కిందపడింది. ఆమె తీసి మళ్లీ అదే చేతిలో పెట్టింది.